పాత బండ్లు – పదిలమైన గురుతులు

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్న సామెత వింటూ పెరిగినవాళ్లం మనమంతా. మనం వచ్చి స్థిరపడిన ఈ బ్రిటన్ దేశంలో మాత్రం పాతనే పండుగగా చేసుకునేవారు వేలకొద్దీ ఉన్నారు. వారు పాత మోటారు కార్ల క్లబ్బుల సభ్యులు. ఏటా నవంబరు నెల మొదటి ఆదివారం, మనం ఇంకా దుప్పటి ముసుగు తీయని వేళకు, లండన్ హైడ్ పార్కులో కొన్ని వందల ముసలి కార్లు బారులు తీరి నిలబడతాయి. సూర్యోదయంతోపాటు బయలుదేరి, సుమారు 60 మైళ్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న బ్రైటన్ పట్టణం చేరుకోవడం వాటి పని. 1905 జనవరి ఒకటో తేదీకి ముందు తయారైన బండ్లకే ఇందులో ప్రవేశం. అంటే వీటిలో మిక్కిలి చిన్నదానికి కూడా నూట ఇరవై ఏళ్లు నిండాయన్నమాట.

“ఇదంతా డబ్బున్న దొరల సరదా, మనకెందుకు?” అని పాఠకులు అడగవచ్చు. సరదా అన్నది నిజమే. కాని ఆ సరదా వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. ఒక వస్తువును వాడిన తరం పూర్తిగా వెళ్లిపోయాక ఆ వస్తువు తాలూకు జ్ఞాపకాన్ని ఎవరు మోస్తారు, ఎలా మోస్తారు అన్నది ఆ ప్రశ్న. దేశం విడిచి వచ్చిన మనకు అది పరాయి ప్రశ్న కాదు. అందుకే ఈ క్లబ్బుల చరిత్రను మాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా పేర్ల సంగతి. పాత కారు ఏదైనా “వింటేజి” అనడం మనకు అలవాటు. క్లబ్బువారి పట్టింపులు వేరు. 1904 చివరిదాకా తయారైనవి “వెటరన్” కార్లు. 1905 నుంచి 1918 వరకు వచ్చినవి “ఎడ్వర్డియన్” కార్లు. 1919 మొదలు 1930 ముగిసేవరకు వచ్చినవే అసలైన “వింటేజి” కార్లు. మొదటి రెండు రకాలవారికి 1930లో వెటరన్ కార్ క్లబ్బు ఏర్పడింది. వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్బు 1934లో వచ్చింది.

ఇక బ్రైటన్ యాత్ర కథ. 1865లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసింది. గుర్రం లేకుండా సొంత శక్తితో నడిచే ఏ బండి అయినా పల్లె దారుల్లో గంటకు 4 మైళ్లు, ఊళ్లలో 2 మైళ్లు మించరాదు. పైగా బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. పెళ్లి ఊరేగింపులో కారు ముందు బాజాభజంత్రీలు నడిచినట్టుగా ఉండేదేమో ఆ దృశ్యం! ఇలాంటి దేశంలో మోటారు పరిశ్రమ తలెత్తడం కష్టమని వ్యాపారులు మొర పెట్టుకోగా, 1896లో కొత్త చట్టం వచ్చి తేలికపాటి బండ్లకు ఈ నిర్బంధాలు తొలగించింది. వేగపరిమితి 14 మైళ్లకు పెరిగింది. తర్వాత స్థానిక ప్రభుత్వ బోర్డువారు దానిని 12 మైళ్లకు కుదించారు. చట్టం అమలులోకి వచ్చిన 1896 నవంబరు 14వ తేదీన హ్యారీ లాసన్ అనే వ్యాపారి నాయకత్వంలో మోటారుదారులు లండన్ నుంచి బ్రైటన్‌కు విమోచన యాత్ర చేశారు. బయలుదేరేముందు ఫలహారాల దగ్గర విన్చిల్సీ ప్రభువు ఒక ఎర్రజెండాను అందరి ఎదుటా చింపివేశారు. ఆ రోజు వాన, బురద. 33 బండ్లు బయలుదేరితే 17 మాత్రమే గమ్యం చేరాయని చెబుతారు. ఆ చేరినవాటిలో ఒకటి రైలులో వచ్చి, బ్రైటన్‌లో దిగాక ఒంటికి బురద పూసుకుని వరుసలో కలిసిందని ఒక చాడీ కూడా అప్పటినుంచీ ప్రచారంలో ఉన్నది. క్లబ్బు సభ్యులు ఈ కథను ఎంత ముచ్చటగా చెప్పుకుంటారో!

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఎర్రజెండా నిబంధనను 1878లోనే సడలించారు. బండికి 20 గజాల ముందు మనిషి నడవాలన్న నియమం మిగిలింది కాని, వాడి చేతిలో జెండా తప్పనిసరి కాదు. అంటే 1896లో ప్రభువుగారు చింపిన జెండా అప్పటికి పద్దెనిమిదేళ్లుగా కాగితం మీద కూడా సరిగా లేని జెండా. అయినా ఈనాటికీ జనం నోట ఉన్నది ఎర్రజెండాయే. ఏటా యాత్ర మొదలయ్యేటప్పుడు దానిని మళ్లీ చింపుతారు కూడా. మనుషుల జ్ఞాపకానికి బొమ్మ కావాలి, రంగు కావాలి. దాఖలా చెప్పేది ఒకటి, జ్ఞాపకం చెప్పేది మరొకటి. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి చూడడమే చరిత్రకారుని పని.

తీపి జ్ఞాపకాలలోకి ఎక్కని సంగతి మరొకటి ఉన్నది. వైద్యులమైన మేము దానిని దాటిపోలేము. ఆ విమోచన యాత్రకు మూడు నెలల ముందు, 1896 ఆగస్టు 17న, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిజెట్ డ్రిస్కాల్ అనే గృహిణి, ప్రదర్శన కోసం తిప్పుతున్న ఒక మోటారు కారు కింద పడి మరణించింది. బ్రిటన్‌లో మోటారు కారు తగిలి చనిపోయిన మొదటి పాదచారి ఆమెయే. ఇటువంటిది మరెన్నడూ జరగకూడదని విచారణాధికారి ఆశించారట. ఇప్పుడు ప్రపంచంలో ఏటా సుమారు 12 లక్షలమంది రోడ్డు ప్రమాదాలలో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ఊళ్లలో ఆ దుఃఖం తాకని కుటుంబాలు ఎన్ని ఉంటాయి? పాతను ప్రేమించేవారు పాతలోని ఈ పేజీని కూడా తెరిచి ఉంచాలి.

1896 తర్వాత ఆ యాత్రను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కొత్త నమూనాలు వస్తున్నకొద్దీ పాత బండ్లు కొట్టాల్లోనూ పాతసామాన్ల దుకాణాల్లోనూ పడ్డాయి. 1927లో పత్రికలవారి చొరవతో ఆ యాత్రను మళ్లీ జరిపారు. 1930 నుంచి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు దాని బాధ్యత తీసుకున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనూ, పెట్రోలు రేషను వల్ల 1947లోనూ, కోవిడ్ వల్ల 2020లోనూ తప్ప యాత్ర ఆగలేదు. 1953లో ఈ యాత్రనే కథావస్తువుగా తీసిన “జెనవీవ్” అనే హాస్యచిత్రం బాగా ఆడింది. అందులో నాయిక పేరు జెనవీవ్ కాదు సుమా, 1904 నాటి డరాక్ కారు పేరు! ఆ చిత్రం చూశాక ఎందరో తమ పల్లెల్లోని కొట్టాలు, సావిళ్లు వెతకడం మొదలుపెట్టారని చెబుతారు.

క్లబ్బు సభ్యుల ఇళ్లలో కారు ఒక్కటే ఉండదు. దాని చుట్టూ అల్లుకున్న గురుతులు గోడల నిండా, అలమరల నిండా ఉంటాయి. ఇత్తడి దీపాలు, రబ్బరు బుడగ నొక్కితే కూసే కొమ్ములు, దుమ్ముకు తొడిగే పొడుగాటి కోట్లు, కళ్లజోళ్లు, ఎనామెల్ పెట్రోలు బోర్డులు, పాత దారి పటాలు, యాత్ర పూర్తిచేసినవారికి ఇచ్చే పతకాలు. 1967లో బ్యూలీ అనే ఊళ్లోని మోటారు మ్యూజియంవారు ఇలాంటి సామాన్ల కోసం ప్రత్యేకంగా ఒక సంత మొదలుపెట్టారు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత చూసినవారికి ఆ సందడి వర్ణించి చెప్పనక్కరలేదు.

ఒక్కొక్క వస్తువు వెనుక ఒక్కొక్క కథ. ఆ ఇత్తడి దీపాలలో వెలిగేది అసిటిలీన్ వాయువు. దీపం అడుగున కాల్షియం కార్బైడు పెట్టి, పైనుంచి నీటి బొట్లు పడనిస్తే వాయువు పుడుతుంది. మన వైపు మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడు ఇదే! రెండు గాలన్ల పెట్రోలు డబ్బా మరొక గురుతు. రోడ్డు పక్కన పంపులు రాకముందు పెట్రోలు డబ్బాల్లోనే అమ్మేవారు. అంతకుముందు సంగతి ఇంకా వింత. 1888లో కారు సృష్టికర్త కార్ల్ బెంజ్ భార్య బెర్తా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని జర్మనీలో సుమారు వంద కిలోమీటర్లు కారులో ప్రయాణం చేసినప్పుడు, దారిలో ఇంధనం కొన్నది ఒక మందుల దుకాణంలో. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఫార్మసీ అని మేము మా తోటివారితో గర్వంగా చెప్పుకుంటూ ఉంటాము.

కారు ముందుభాగాన బిగించే ఆటోమొబైల్ అసోసియేషను బిళ్ల కూడా సేకర్తలకు ప్రీతిపాత్రమే. 1905లో పుట్టిన ఈ సంఘం మొదటి పని, పోలీసులు ఎక్కడ మాటువేసి వేగం కొలుస్తున్నారో సభ్యులకు చెప్పడం. సైకిళ్ల మీద తిరిగే సంఘం మనుషులు ఆ సమాచారం అందించేవారు. అలా చెప్పడం నేరమని 1910లో కోర్టు తీర్పు రావడంతో ఉపాయం మార్చారు. బిళ్ల ఉన్న కారు కనిపిస్తే సలాము చేయాలి. సలాము చేయలేదంటే ముందు పోలీసులున్నారని అర్థం. సలాము చేయనందుకు ఏ కోర్టు శిక్షిస్తుంది? తెలివి అంటే అది.

రోల్స్‌రాయిస్ కారు ముక్కు మీద రెక్కలు చాచి నిలబడ్డ స్త్రీమూర్తి బొమ్మ అందరికీ తెలిసినదే. 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి దానిని రూపొందించారు. ఆ బొమ్మకు ఆధారం ఎలినార్ థార్న్‌టన్ అనే యువతి అని చెబుతారు. ఆమె బ్యూలీకి చెందిన మాంటెగ్యూ ప్రభువు వద్ద కార్యదర్శి. 1915లో ఆ ప్రభువు మోటారు రవాణా సలహాదారుగా ఇండియాకు ప్రయాణమైతే ఆమె కూడా వెంట బయలుదేరింది. డిసెంబరు 30న మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి వారి ఓడ “పర్షియా”ను ముంచివేసింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. ప్రభువు బతికారు, ఆమె బతకలేదు. 1952లో ఆయన కుమారుడు తండ్రి జ్ఞాపకార్థం కొద్దిపాటి పాత కార్లతో ప్రారంభించినదే మనం ముందు చెప్పుకున్న మ్యూజియం. మన దేశానికి రావలసిన ఒక మనిషి దారిలోనే ఆగిపోగా, ఆమె రూపం మాత్రం ఎన్నో కార్ల ముక్కుల మీద మన సంస్థానాలకు చేరింది.

అలా చేరినవాటిలో ఒకటి మన హైదరాబాదులోనే ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు తయారుచేయించడానికి పురమాయించారు. లండన్‌లోని బార్కర్ కంపెనీవారు దానికి పసుపుపచ్చ రంగుతో, వెనుక సింహాసనంవంటి ఎత్తయిన ఆసనంతో పైకట్టు కట్టారు. కారు చేరకముందే, అదే సంవత్సరం ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నగరానికి వచ్చింది. ఎన్నో దశాబ్దాలు దాదాపు కదలకుండానే గడిపిన ఆ బండిని తర్వాత మరమ్మతు చేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలను తీసుకుపోయి చూపించండి.

సరే, ఈ వస్తువుల మీద మనుషులకు ఇంత మమకారం ఎందుకు? దీనికి మా శాస్త్రం కొంత సమాధానం చెబుతుంది. మా దగ్గరకు వచ్చే వృద్ధులలో కొందరిని “పొద్దున ఏం తిన్నారు?” అని అడిగితే తడబడతారు. “మీరు కొన్న మొదటి కారు ఏది?” అని అడిగితే రంగు, నంబరు, ఇచ్చిన సొమ్ముతో సహా చెబుతారు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగిన సంగతులు మిగతావాటికన్నా దట్టంగా జ్ఞాపకం ఉంటాయని పరిశోధకులు గుర్తించారు. పెద్దవారు గడిచిన రోజులు తలుచుకోవడాన్ని ఒకప్పుడు మతిభ్రమణానికి మొదటి మెట్టుగా చూసేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మనోవైద్యుడు ఆ అభిప్రాయాన్ని ఖండించి, గడచిన జీవితాన్ని నెమరువేసుకోవడం వృద్ధాప్యంలో సహజమైన, అవసరమైన పని అని వాదించారు. ఇప్పుడు మతిమరుపు జబ్బు ఉన్నవారికి పాత ఫొటోలు, పాత పాటలు, పాత వస్తువులు ఇచ్చి మాట్లాడించడం చాలాచోట్ల చికిత్సలో భాగంగా ఉన్నది.

అయితే ఈ సమాధానం సగమే. 1904 నాటి కారును పడుచుతనంలో నడిపిన మనిషి ఇవాళ భూమి మీద ఒక్కడూ లేడు. బ్రైటన్ యాత్రికుల జ్ఞాపకాలు వారి సొంతం కావు, వారసత్వంగా వచ్చినవి. తాతగారు కోళ్లగూడు నుంచి బయటికి లాగిన బండి, నాన్నగారు పదేళ్లు మరమ్మతు చేసిన బండి, ఇప్పుడు మనుమరాలు నడుపుతున్న బండి. అద్దాల పెట్టెలో పెట్టకుండా ఏడాదికొకసారైనా వానలో బురదలో నడపడం వల్లనే ఆ జ్ఞాపకం చేతులు మారుతున్నది.

ఒక చిన్న ఉదాహరణ. ఆ కాలపు కార్లను ముందువైపు హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయాలి. ఇంజను ఎదురుతన్నిందంటే మణికట్టు విరుగుతుంది. బొటనవేలి వైపు ఎముక చివర అలా విరగడాన్ని ఈనాటికీ మేము “షోఫర్స్ ఫ్రాక్చర్” అంటాము. షోఫర్ అంటే డ్రైవరే. 1912లో క్యాడిలాక్ కారుకు ఎలెక్ట్రిక్ స్టార్టరు వచ్చిన తర్వాత ఆ బెడద క్రమంగా పోయింది, పేరు మాత్రం మా పుస్తకాలలో నిలిచిపోయింది. హ్యాండిల్‌ను పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు అన్నది క్లబ్బులో పెద్దలు పిన్నలకు చెప్పే మొదటి పాఠం. ఆ మాట పక్కన నిలబడి, చేయి పట్టుకుని నేర్పితేనే వస్తుంది. మన అమ్మలు ఆవకాయలో నూనె ఎంత పోయాలో చెప్పినట్టుగా.

నోటిమాట ఒక్కటే చాలదని కూడా క్లబ్బువారికి తెలుసు. వెటరన్ కార్ క్లబ్బులో కార్ల వయసు నిర్ణయించే సంఘం ఒకటున్నది. “మా తాతగారు ఇది 1903 బండి అనేవారు” అంటే వారు నమ్మరు. ఇంజను నంబరు, ఛాసిస్ వివరాలు, కంపెనీ పాత జాబితాలు, ఫొటోలు అన్నీ పరిశీలించి ధృవపత్రం ఇస్తారు. 1904, 1905 మధ్య ఒక్క ఏడాది తేడాతో బ్రైటన్ యాత్రకు అర్హత పోతుంది, బండి ధరా పడిపోతుంది. అందుకే మమకారాన్ని పక్కన పెట్టి కాగితం అడుగుతారు.

ఆ కాగితాలకే ఒకసారి గండం వచ్చింది. 1904 జనవరి నుంచి ఈ దేశంలో కార్ల నంబర్లు నమోదు చేసినది స్థానిక కౌన్సిళ్లు. 1970లలో ఆ పనిని స్వాన్సీలోని కేంద్ర కార్యాలయానికి, కంప్యూటర్లకు మార్చారు. ఆ మార్పుతో చేతిరాత రిజిస్టర్లకు పని లేకుండా పోయింది. కొన్నిటిని జిల్లా దస్తావేజుల భాండాగారాలు తీసుకున్నాయి, కొన్ని క్లబ్బు సభ్యులు పరుగున వెళ్లి అడగడం వల్ల దక్కాయి, చాలా చెత్తలో కలిసిపోయాయి. ఏ బండి ఎవరిది, ఏ ఊరిది, ఏ రంగుది అన్న వివరం కొన్ని కౌంటీలకు పూర్తిగా ఉన్నది, కొన్నిటికి శాశ్వతంగా లేదు. ఆ తేడా దురదృష్టం వల్ల వచ్చినది కాదు. సమయానికి వెళ్లి అడిగినవారు ఉన్నారా లేరా అన్నదే తేడా.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. మన ఇళ్లలో పాత కార్లు లేవు, నిజమే. కాని మన దేశంలో దశాబ్దాలపాటు రోడ్లను ఏలిన అంబాసిడర్ కారు, ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు తమ్ముడే. 1950ల చివర ఉత్తర్‌పారాలో మొదలై 2014 మే నెలలో దాని తయారీ ఆగిపోయింది. మాలో చాలామందికి చిన్ననాటి ప్రయాణాలంటే ఆ బండే. ముందు సీటులో నలుగురు, వెనుక ఆరుగురు, డిక్కీలో బియ్యం మూట, ఒళ్లో తమ్ముడు. ఇక్కడి పాత కార్ల ప్రదర్శనలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కనిపిస్తే మన పెద్దవారు ఆగి, బానెట్ మీద చేయి వేసి నిలబడిపోవడం మేము చూశాము. పక్కనున్న మన పిల్లలకు అది ఉట్టి పాత కారు. ఆ చేయి ఎందుకు అక్కడ ఆగిందో ఎవరో ఒకరు చెబితే తప్ప వారికి తెలియదు.

1960లలో, 70లలో ఈ దేశపు ఆసుపత్రులలో పనిచేయడానికి వచ్చిన మన మొదటి తరం డాక్టర్లు ఇప్పుడు ఎనభైలలో ఉన్నారు. వారు వెంట తెచ్చుకున్న రేకు ట్రంకుపెట్టెలు, మొదటి ఉద్యోగపు ఉత్తరాలు, ఇంటినుంచి వచ్చిన నీలిరంగు ఎయిరోగ్రాములు, మన సంఘం తొలినాటి కాగితాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. గత కొన్నేళ్లలో మనం అంత్యక్రియలకు వెళ్లిన ఇళ్లలో, తర్వాత నెలలోపే ఇల్లు ఖాళీచేసి, తెలుగు చదవడం రాని పిల్లలు ఏ కాగితం ఏమిటో తెలియక అన్నిటినీ సంచుల్లో వేసి బయట పెట్టారు. వారిని తప్పుపట్టలేము. ఎవరూ వారికి చెప్పలేదు. రిజిస్టర్లకు జరిగినదే మనకూ జరుగుతున్నది.

కాబట్టి మా విన్నపం ఇది. వచ్చే ఉగాది సమావేశానికి ప్రతి కుటుంబమూ ఒక పాత వస్తువు తీసుకురావాలి. దానితోపాటు ఒక చీటీ మీద అది ఎవరిది, ఏ ఊరినుంచి, ఏ సంవత్సరం వచ్చింది, దేనికి వాడేవారు అన్న నాలుగు సంగతులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి తేవాలి. సంవత్సరం కచ్చితంగా తెలిస్తేనే వేయండి, కార్ల క్లబ్బువారి పద్ధతిలో. పెద్దవారు మాట్లాడుతుండగా పిల్లలే ఆ చీటీ రాస్తే మరీ మంచిది. ఆ చీటీలన్నిటినీ ఒక పుస్తకంలో కుట్టి సంఘం దగ్గర భద్రపరిచే పని మేము చేస్తాము. సమావేశానికి రాలేని పెద్దల ఇళ్లకు, ముందుగా కబురు చేస్తే, మేమే వచ్చి రాసుకుంటాము.